ట్రాంబోన్ కొనేముందు స్లైడ్ చూడండి

ప్రశ్న: మాది గుంటూరు. కొన్నేళ్లుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా బాబు ఈ ఆగస్టులో ఆరో తరగతికి వెళ్తాడు. బ్యాండ్ క్లాసు తీసుకున్నాడు. రకరకాల మౌత్‌పీసులు ఊదించి చూసి, బ్యాండ్ డైరెక్టర్ వాడికి ట్రాంబోన్ అని రాసిచ్చారు. మా ఇంట్లో ఎవరికీ ఈ వాయిద్యం గురించి తెలియదు. బాబు మూడేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాడు, అంతే. షాపువాళ్లు నెలవారీ అద్దె అంటున్నారు. ఆన్‌లైన్‌లో రెండు వందల డాలర్లకే కొత్తది కనిపిస్తోంది. మావారేమో "రెండుసార్లు ఎందుకు కొనడం, ట్రిగ్గర్ ఉన్న మంచిది ఇప్పుడే కొనేస్తే హైస్కూలు దాకా చూసుకోనక్కర్లేదు" అంటున్నారు. మా అన్నయ్య మీరట్‌లో చవకగా దొరుకుతాయి, ఇండియా నుంచి వచ్చేవాళ్లతో పంపిస్తానంటున్నాడు. మా అత్తగారు ఫోన్లో "పెళ్లి బ్యాండు వాయించడానికా అమెరికా తీసుకెళ్లారు వాణ్ని?" అని బాధపడుతున్నారు. పైగా మేముండేది అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

— ఒక తల్లి, ఫ్రిస్కో

సమాధానం:

అమ్మా,

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. మొదటి ఏడాదికి అద్దెకే తీసుకోండి. డైరెక్టర్ ఇచ్చిన లిస్టులో ఉన్న మోడల్, ట్రిగ్గర్ (ఎడమ బొటనవేలితో నొక్కే అదనపు మీట) లేనిది తీసుకోండి. రెండు వందల డాలర్ల ఆన్‌లైన్ ట్రాంబోన్ వద్దు. ఇండియా నుంచి తెప్పించుకోవడం కూడా వద్దు. ఏడాది గడిచాక బాబుకి ఇష్టం నిలబడితే, అప్పుడు మంచి కంపెనీది వాడినది చూసి కొనండి. ఈ నిర్ణయాలన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే విషయం, స్లైడ్. అది అర్థమైతే షాపువాళ్లు చెప్పేదాంట్లో ఏది వినాలో, ఏది వదిలేయాలో మీకే తెలిసిపోతుంది.

ట్రంపెట్‌కి మూడు మీటలుంటాయి. మీట నొక్కితే గాలి వెళ్లే దారి పొడవు మారుతుంది, దాంతో స్వరం మారుతుంది. ట్రాంబోన్‌లో ఆ పని స్లైడ్ చేస్తుంది. గొట్టం మొత్తం పొడవు తొమ్మిది అడుగుల దాకా ఉంటుంది. అందులో రెండు లోపలి గొట్టాల మీద రెండు బయటి గొట్టాలు తొడిగి ఉంటాయి. పిల్లవాడు కుడిచేత్తో బయటి గొట్టాలను ముందుకూ వెనక్కూ జరుపుతాడు. పూర్తిగా దగ్గరికి లాక్కుంటే ఒకటో పొజిషన్, చెయ్యి బాగా చాచితే ఏడో పొజిషన్. ఒక్కో పొజిషన్ ముందుకు జరిపితే ఒక్కో స్వరస్థానం కిందికి దిగుతుంది.

ఈ జరపడం వేళ్లతో, ఏ బరువూ లేనట్టు జరిగిపోవాలి. అలా జరగాలంటే లోపలి గొట్టాలు రెండూ వంకర లేకుండా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. బయటి గొట్టాల మీద చిన్న సొట్ట కూడా ఉండకూడదు. లోపలికీ బయటికీ మధ్య ఉండే సందు చాలా సన్నం. బియ్యపు గింజంత సొట్ట పడినా స్లైడ్ అక్కడ పట్టేస్తుంది. అది పట్టేసిన క్షణంలో మౌత్‌పీస్ పెదవుల మీద కొట్టుకుంటుంది, స్వరం తప్పుతుంది, ఈలోగా మిగతా క్లాసు రెండు స్వరాలు ముందుకు వెళ్లిపోతుంది.

నన్ను బాగా బాధపెట్టేది ఇదే. పదకొండేళ్ల పిల్లవాడికి తప్పు తన చేతిలో ఉందో వాయిద్యంలో ఉందో తెలియదు. తనకే రావడం లేదనుకుంటాడు. పక్క పిల్లవాడు హాయిగా వాయిస్తుంటే వీడు స్లైడ్‌తో కుస్తీ పడుతూ ఉంటాడు. డిసెంబరు కల్లా "అమ్మా, నాకు బ్యాండ్ వద్దు" అంటాడు. పెద్దవాళ్లేమో వాడికి ఆసక్తి లేదని తేల్చేస్తారు. చవక ట్రాంబోన్ వల్ల జరిగే అసలు నష్టం ఆ రెండు వందల డాలర్లు కాదు.

ఆ రెండు వందల డాలర్ల వాటి సంగతి చూద్దాం. ఫోటోలో అవి తళతళలాడుతుంటాయి. ఎరుపు, నీలం రంగుల్లో కూడా వస్తాయి. పెట్టె, గ్లవ్స్, ట్యూనర్, స్టాండు అన్నీ కలిపి ఇస్తామంటారు. చాలావాటిలో లోహం మెత్తగా ఉంటుంది, గొట్టాలు సరిగ్గా సమాంతరంగా ఉండవు. కొన్ని నెలలు పనిచేసినా, సొట్ట పడ్డాక బాగుచేయించుకోవడం కష్టం. విడిభాగాలు దొరకవు, చాలా రిపేరు షాపులు అలాంటివి ముట్టుకోవు. ముట్టుకున్నా రిపేరు ఖర్చు కొన్న ధరను దాటిపోతుంది. మళ్లీ అమ్ముదామంటే కొనేవాళ్లుండరు. అందుకే డైరెక్టర్లు బ్రాండ్లూ మోడల్ నంబర్లూ రాసి మరీ లిస్టు ఇస్తారు. ఆ లిస్టును షాపులకు లాభం చేయడానికి ఇచ్చిందని అనుకోకండి. ఏళ్ల తరబడి వందలమంది పిల్లల స్లైడ్‌లు చూసినవాళ్ల అనుభవం అది.

ప్లాస్టిక్ ట్రాంబోన్ల గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్తారు. ఇంగ్లండ్‌లో రూపొందించిన పీబోన్ వాటిలో పేరున్నది. బరువు కిలోలోపే, సొట్టలు పడవు, ధర తక్కువ. చిన్న పిల్లల సరదాకి, ప్రయాణాల్లో వెంట తీసుకెళ్లడానికి అది మంచిదే. స్కూలు క్లాసుకి మాత్రం డైరెక్టర్‌ని అడగకుండా కొనకండి, చాలామంది ఒప్పుకోరు.

ఇక మీ అన్నయ్య మాట. మీరట్‌లోని జలీ కోఠీ ప్రాంతం బ్యాండు వాయిద్యాలకు పేరున్న చోటు. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. దేశమంతటా పెళ్లి ఊరేగింపుల్లో మోగే ఇత్తడి వాయిద్యాలు ఎన్నో ఆ ఊళ్లో తయారైనవే. ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ మీ బాబు చదివేది టెక్సస్‌లో. ఇక్కడి రిపేరు షాపులో ఆ మోడల్‌కి సరిపోయే గొట్టం కానీ, స్ప్రింగు కానీ దొరకవు. సూట్‌కేసులో వస్తూ స్లైడ్ కొంచెం వంగినా వెనక్కి పంపే దారి ఉండదు. అన్నయ్య ప్రేమగా అన్న మాట కాబట్టి నొచ్చుకోకుండా చెప్పండి. స్కూలు వాళ్లు ఫలానా మోడళ్లే తెమ్మన్నారంటే ఆయనకీ అర్థమవుతుంది.

మీ అత్తగారి బాధ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పెళ్లి బ్యాండులో వాయించేవాళ్లు ఎండలో, ట్రాఫిక్ మధ్యలో నడుస్తూ, కాగితం చూడకుండా గంటల తరబడి పాట మీద పాట వాయిస్తారు. నడుస్తూ ఊపిరి పట్టడం, నడక అదురుకి మౌత్‌పీస్ పెదవి మీద జారకుండా చూసుకోవడం ఎంత కష్టమో ఇత్తడి వాయిద్యం నేర్చుకున్న ఎవరినైనా అడగండి. మీ బాబు వాళ్ల స్థాయికి చేరితే ఇంటిల్లిపాదీ గర్వపడాలి. మన దగ్గర వాళ్లకు దక్కాల్సిన మర్యాద దక్కలేదు. ఆ తప్పు వాయిద్యానిది కాదు, వాయించేవాళ్లదీ కాదు. మిలిటరీ బ్యాండుల్లో, పోలీసు బ్యాండుల్లో, సింఫనీ ఆర్కెస్ట్రాల్లో, జాజ్‌లో మోగేది కూడా ఇదే ట్రాంబోన్. ఐరోపాలో 15వ శతాబ్దం నుంచీ ఇది ఉంది. ఇవన్నీ మీరు చెప్పేకన్నా, అక్టోబరు వచ్చేసరికి బాబు చేత వీడియో కాల్‌లో నాయనమ్మకి ఒక చిన్న పాట వాయించి వినిపించమనండి. మనవడు ఊదుతుంటే వినడం ఆవిడకి వేరే అనుభవం.

ఇప్పుడు మీవారి మాట. "ఒకేసారి మంచిది" అనడంలో న్యాయముంది, మనవాళ్లందరం అలాగే ఆలోచిస్తాం. కానీ ట్రాంబోన్ విషయంలో ఆ లెక్క కుదరదు. ఎందుకో చెప్తాను.

ట్రిగ్గర్ అంటే ఎఫ్ అటాచ్‌మెంట్. బెల్ (గరాటులా విచ్చుకున్న నోరు) వైపు, అంటే ఎడమ భుజం పక్కన, మరో మూడడుగుల గొట్టం చుట్టి ఉంటుంది. ఎడమ బొటనవేలితో మీట నొక్కితే గాలి అందులోంచి కూడా వెళ్తుంది. ఉపయోగమేంటంటే, ఆరో పొజిషన్‌లో వాయించాల్సిన సి స్వరం ఒకటో పొజిషన్‌లోనే పలుకుతుంది, ఏడో పొజిషన్‌లో ఉన్న బి రెండో పొజిషన్ దగ్గరికి వస్తుంది. ఇంకా కింది స్థాయిలో, మామూలు ట్రాంబోన్‌కి అందని కొన్ని స్వరాలు కూడా పలుకుతాయి. పెద్ద పిల్లలకు ఇది నిజంగా అవసరం.

కానీ ట్రాంబోన్ బరువంతా మోసేది ఎడమచెయ్యి. కుడిచెయ్యి స్లైడ్‌ని జరపడానికే తప్ప మోయడానికి కాదు. అదనపు గొట్టం, గాలిని అందులోకి మళ్లించే వాల్వు కలిస్తే బరువు బాగా పెరుగుతుంది. ఆరో తరగతి పిల్లవాడి మణికట్టు వాలిపోతుంది, బరువు మోయడానికి కుడిచెయ్యి సాయం వస్తుంది. ఆ అలవాటు ఒకసారి పడితే స్లైడ్ ఎప్పటికీ తేలిగ్గా కదలదు. భుజాలు ముందుకు వంగుతాయి, ఊపిరి కుంచించుకుపోతుంది. మొదటి ఏడాది నేర్చుకోవాల్సినవి సరిగ్గా కూర్చోవడం, ఊపిరి, పెదవుల బిగింపు, తేలికైన కుడిచెయ్యి. వాటన్నిటికీ బరువైన వాయిద్యం అడ్డమే.

"మరి వాడి చెయ్యి ఆరో పొజిషన్‌కి అందుతుందా?" అని మీరు అడగొచ్చు. మంచి సందేహమే, ఎందుకంటే మొదట నేర్పే బి ఫ్లాట్ స్కేలులో రెండో స్వరమే ఆరో పొజిషన్‌లో ఉంటుంది. ఆ వయసు పిల్లల్లో చాలామంది భుజాన్ని కొంచెం తిప్పి, మోచెయ్యి పూర్తిగా చాచి, వేళ్ల చివరలతో స్లైడ్ కడ్డీని పట్టుకుంటే అందుకుంటారు. చెయ్యి మరీ చిన్నదైతే డైరెక్టర్ ముందే గమనించి ఉండేవారు. అయినా షాపులో అక్కడికక్కడే పట్టించి చూడండి.

ఇంకో సంగతి. గొట్టం లోపలి వ్యాసాన్ని బోర్ అంటారు. పిల్లల ట్రాంబోన్లకు అది 0.500 అంగుళాలు, అంటే 12.7 మిల్లీమీటర్లు. బాక్ 42, కాన్ 88హెచ్ లాంటి ఆర్కెస్ట్రా ట్రాంబోన్లకు 0.547 అంగుళాలు. తేడా కాగితం మీద దాదాపు ఒక మిల్లీమీటరే, కానీ ఊపిరికి బాగా తెలుస్తుంది. పెద్ద బోర్ నింపాలంటే చాలా గాలి కావాలి. చిన్న పిల్లవాడు ఊదితే ధ్వని నీరసంగా వస్తుంది, త్వరగా అలసిపోతాడు. మీవారు కొందామనుకుంటున్న ట్రిగ్గర్ ట్రాంబోన్లలో చాలావాటికి బోర్ పెద్దదే. మధ్యలో 0.525 బోర్‌తో, ట్రిగ్గర్‌తో కొన్ని మోడళ్లు ఉన్నాయి. అవి ఎనిమిదో తరగతి చివర్లో ఆలోచించాల్సినవి.

రెండుసార్లు కొంటే మొదటిది వృథా అవుతుందన్నది మీవారి భయం. అవ్వదు. టెక్సస్ హైస్కూలుకి వెళ్తే మార్చింగ్ బ్యాండ్ ఉంటుంది. ఆగస్టు ఎండలో పార్కింగ్ లాట్‌లో గంటలకొద్దీ రిహార్సల్, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మైదానంలో పరుగులు, బస్సులో ఎక్కించడం దించడం. మూడు నాలుగు వేల డాలర్ల ట్రాంబోన్‌ని అక్కడికి పంపాలంటే మీకే మనసొప్పదు. అప్పుడు పనికొచ్చేది ఈ తేలికపాటి మొదటి ట్రాంబోనే. జాజ్ బ్యాండ్‌లోనూ చిన్న బోర్ ట్రాంబోన్‌నే ఎక్కువమంది ఇష్టపడతారు. అంటే మొదటిది ఏడేళ్లూ వాడుకలోనే ఉంటుంది. ఇప్పుడు ట్రిగ్గర్ కోసం పెట్టాలనుకున్న డబ్బులో కొంత ప్రైవేట్ పాఠాలకు పెట్టండి. ఇక్కడ చాలా స్కూళ్లలో బ్యాండ్ పీరియడ్ సమయంలోనే టీచర్ వచ్చి వారానికోసారి అరగంట చెప్తారు. వాయిద్యం ధర రెట్టింపు చేయడం కంటే ఆ అరగంట వల్ల బాబుకి ఎంతో ఎక్కువ లాభం.

ఏ మోడళ్లు అని మీరు ఎలాగూ అడుగుతారు కాబట్టి: యమహా వైఎస్ఎల్-354, బాక్ టీబీ301, కింగ్ 606. మూడూ ట్రిగ్గర్ లేనివే, మూడింటికీ బోర్ 0.500, బెల్ 8 అంగుళాలు. మూడింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను యమహా అంటాను, దాని స్లైడ్ ఏ షాపులో చూసినా ఒకేలా నమ్మకంగా ఉంటుంది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. కింగ్ 606 గట్టిది, దెబ్బలకు ఓర్చుకుంటుంది. మీ డైరెక్టర్ లిస్టులో జూపిటర్ కంపెనీది కూడా ఉంటే సందేహించకండి. బెల్ పసుపు ఇత్తడిదా, రాగి ఎక్కువున్న గోల్డ్ బ్రాస్‌దా అని షాపువాళ్లు మాట్లాడితే వినండి, కానీ ఈ వయసులో దానికోసం అదనంగా ఒక్క డాలరు కూడా ఇవ్వకండి.

అద్దె సంగతి. సాధారణంగా నెలకు ముప్పై నుంచి యాభై డాలర్ల మధ్య అడుగుతారు. ఎక్కువగా రెంట్-టు-ఓన్ పద్ధతి, అంటే కట్టిన అద్దె కొనుగోలు ధరలో జమవుతుంది. సంతకం పెట్టేముందు కొన్ని అడగండి. కట్టిన అద్దె మొత్తం జమవుతుందా, కొంత భాగమేనా? మధ్యలో మానేస్తే జరిమానా ఉందా? ముందుగా డబ్బు కట్టేస్తే ఎంత తగ్గిస్తారు? ఇస్తున్నది కొత్తదా, వాడినదా? వాడినదైతే అద్దె తగ్గాలి. ట్రాంబోన్ బదులు రేపు యూఫోనియంకి (మీటలుండే మరో ఇత్తడి వాయిద్యం) మారితే ఈ జమ దానికి వర్తిస్తుందా? సొట్ట పడితే, పోతే ఎవరిది బాధ్యత? నెలకు కొన్ని డాలర్లు ఎక్కువ తీసుకుని రిపేరు ప్లాన్ ఇస్తారు. ట్రాంబోన్‌కి అది తప్పకుండా తీసుకోండి. మొదటి ఏడాదిలో స్లైడ్‌కి ఏదో ఒకటి జరుగుతుంది, ఇది మీ బాబు జాగ్రత్త గురించి అంటున్న మాట కాదు, అంత పొడుగు వస్తువు పదకొండేళ్ల చేతుల్లో ఉన్నందుకు అంటున్నాను. షాపువాళ్లు వారానికోసారి స్కూలుకే వచ్చి పాడైనవి తీసుకెళ్తారా అన్నది కూడా కనుక్కోండి. ఆ వసతి ఉన్న షాపు కొంచెం ఖరీదైనా నయం.

డబ్బు ఇబ్బందిగా ఉంటే మొహమాటపడకుండా డైరెక్టర్‌కి ఒక మెయిల్ రాయండి. స్కూళ్ల దగ్గర కొన్ని సొంత వాయిద్యాలు ఉంటాయి. అడిగిన వాళ్లకు ఇస్తారు, ఆ విషయం క్లాసులో ఎవరికీ తెలియనివ్వరు.

అద్దెకు తీసుకోమన్నాను కదా అని మూడేళ్లూ కడుతూ పోకండి. నెలకు నలభై డాలర్ల చొప్పున మూడేళ్లంటే 1,440 డాలర్లు. ఆరో తరగతి అయ్యాక వేసవిలో బాబుకి ఇష్టం ఉందనిపిస్తే, అద్దె ట్రాంబోన్ మీద మిగిలినదెంతో కనుక్కుని, అదే మోడల్ వాడినది బయట ఎంతకు దొరుకుతుందో పోల్చి చూడండి. మంచి స్థితిలో ఉన్న వాడిన వైఎస్ఎల్-354 కొత్తదాని ధరలో సగానికే దొరకడం మామూలే. మీ ప్రాంతంలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అడగండి. కాలేజీకి వెళ్లిపోయిన పిల్లల ట్రాంబోన్లు ఎన్నో ఇళ్లలో క్లోజెట్‌లో ఉన్నాయి.

వాడినది కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తాను, ఇక్కడ తొందరపడకండి. వెళ్లేటప్పుడు స్లైడ్‌కి వేసే క్రీమ్, చిన్న నీళ్ల స్ప్రే సీసా వెంట తీసుకెళ్లండి. బెల్ విప్పి పక్కన పెట్టేయండి. బయటి స్లైడ్‌ని మెల్లగా లాగి పూర్తిగా తీసేయండి. ఇప్పుడు లోపలి గొట్టాలు రెండూ కనిపిస్తాయి. వాటి మీద వెండిలా మెరిసే క్రోమ్ పూత ఉంటుంది. అది ఎక్కడైనా లేచిపోయి కింది లోహం కనిపిస్తోందా? వేలితో రాస్తే గరుకుగా తగులుతోందా? అలా ఉంటే అక్కడితో వదిలేయండి, ఎంత తక్కువకి ఇచ్చినా సరే. గొట్టాల చివర్లు కాస్త లావుగా ఉంటాయి, అది లోపం కాదు, తయారీయే అంత. తర్వాత గొట్టాలను కంటి ఎత్తుకి తెచ్చి పొడవునా చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. బయటి గొట్టాల మీద కొస నుంచి కొస దాకా రెండు వేళ్లతో నిదానంగా తడమండి. కంటికి కనపడని నొక్కు వేలికి తగులుతుంది.

ఇప్పుడు క్రీమ్ రాసి, నీళ్లు చల్లి, మళ్లీ తొడగండి. స్లైడ్‌ని నిలువుగా పట్టుకుని, కింద చెయ్యి అడ్డం పెట్టి, బయటి భాగాన్ని పైకి లాగి వదలండి. ఎక్కడా ఆగకుండా, గరగర చప్పుడు లేకుండా జారాలి. ఒకచోట తట్టుకుందంటే అక్కడ సొట్ట గానీ వంకర గానీ ఉంది. తర్వాత పైన తెరిచి ఉన్న రెండు గొట్టాల నోళ్లనూ వేళ్లతో గట్టిగా మూసి, అలాగే వదిలి చూడండి. గాలి బిగుతుగా ఉంటే స్లైడ్ జారడానికి మొరాయిస్తుంది. మూసినా మూయకపోయినా ఒకేలా జారిపోతే గాలి ఎక్కడో కారుతోందని అర్థం, చాలాసార్లు అది వాటర్ కీ (లోపల చేరిన తడిని బయటికి వదిలే చిన్న మీట) దగ్గరి కార్కు. ఆ కార్కు మార్చడం చవకైన పని, దానికి భయపడకండి. బెల్ వెనక ఉన్న, శ్రుతి సరిచేసుకునే ట్యూనింగ్ స్లైడ్ చేత్తో కదలాలి. బిగుసుకుపోయి ఉంటే షాపులో తీయించుకోవచ్చు, ఆ మేరకు ధర తగ్గించమనండి. ఇత్తడి మీద గులాబీరంగు మచ్చలు, మధ్యలో నల్లటి చుక్కలు ఉంటే మాత్రం లోపలి నుంచి లోహం తినేస్తున్నట్టు. దాన్ని రెడ్ రాట్ అంటారు, వద్దు.

బెల్ మీద సొట్ట చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. నేను అదే చూసి ముందుకెళ్లమంటాను. బెల్ సొట్ట చూడ్డానికి బాగోదు గానీ ఒక మోస్తరుదైతే ధ్వనికి పెద్దగా తేడా రాదు, బాగుచేయడం కూడా సులువు. దాని వల్ల ధర తగ్గి, స్లైడ్ చక్కగా ఉంటే మీకు మంచి బేరం దొరికినట్టే. సీరియల్ నంబరు చూడండి, స్కూలు పేరో ఆస్తి నంబరో చెక్కి ఉంటే అమ్మేవాళ్లను వివరం అడగండి. డబ్బు ఇచ్చేముందు ఒకసారి బాబు టీచర్ చేత వాయించి చూపించుకోగలిగితే ఇంకేమీ అక్కర్లేదు.

మౌత్‌పీస్ విషయం. ట్రాంబోన్‌తో పాటు పెట్టెలో ఒకటి వస్తుంది, తరచుగా అది చిన్నది. డైరెక్టర్ చాలాసార్లు బాక్ 6½ఏఎల్ సైజు తెచ్చుకోమంటారు. చెప్పిన సైజే తీసుకోండి, కానీ స్మాల్ షాంక్ (గొట్టంలో దూరే కాడ సన్నగా ఉండేది) అని అడిగి తీసుకోవాలి. పెద్ద బోర్ ట్రాంబోన్లకు లార్జ్ షాంక్ ఉంటుంది, అది మీ బాబు దాంట్లో దూరదు. మౌత్‌పీస్ ఎప్పుడైనా బిగుసుకుపోతే శ్రావణంతో లాగకండి, మీవారిని కూడా లాగనివ్వకండి. గొట్టం మెలి తిరిగిపోతుంది. డైరెక్టర్ దగ్గర దానికి పరికరం ఉంటుంది, నిమిషంలో తీసేస్తారు. ఇవి కాక స్లైడ్ క్రీమ్, నీళ్ల సీసా, ట్యూనింగ్ స్లైడ్‌కి గ్రీజు, లోపల తోమే పొడుగాటి బ్రష్ చాలు. ఒక ట్రాంబోన్ స్టాండు కూడా కొనండి. కుర్చీకి ఆనించిన ట్రాంబోన్ ఎంతోసేపు అక్కడ ఉండదు, పడిందంటే దెబ్బ తగిలేది స్లైడ్‌కే.

బాబుకి మొదటి రోజే రెండు అలవాట్లు నేర్పండి. పెట్టె ఎప్పుడూ నేల మీదే తెరవాలి, మంచం మీదా కుర్చీ మీదా కాదు. వాయించనప్పుడు స్లైడ్ లాక్ వేసే ఉండాలి. లాక్ వేయకుండా ఎత్తితే బయటి స్లైడ్ జారి నేలను కొడుతుంది, రిపేరు షాపుకి వచ్చే ట్రాంబోన్లలో ఎన్నో ఇలా వచ్చినవే. నెలకోసారి గోరువెచ్చని నీళ్లతో లోపల కడగండి. మరీ వేడినీళ్లు పోస్తే పై పూత పోతుంది.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయానికి వస్తాను. మూడేళ్లు గాత్రం నేర్చుకున్నాడన్నారు. అది చిన్న విషయం కాదమ్మా. డైరెక్టర్ ట్రాంబోన్ ఇవ్వడానికి అదే కారణం కావచ్చు. చెవి బాగున్న పిల్లలనే ఈ వాయిద్యానికి చూసుకుంటారు. స్లైడ్ మీద గీతలుండవు. మూడో పొజిషన్ బెల్ అంచుకి కాస్త ఇవతల, నాలుగోది కాస్త అవతల అని గుర్తులు చెప్తారు గానీ, సరిగ్గా ఎక్కడ ఆపాలో చెప్పేది చెవే. వయొలిన్‌కి ఎలాగో దీనికీ అలాగే. అపస్వరం వినగానే ముఖం చిట్లించే పిల్లవాడు స్లైడ్‌ని తనంతట తనే సర్దుకుంటాడు.

సరళీ స్వరాలు మాయామాళవగౌళలో పాడి ఉంటాడు. బ్యాండ్‌లో మొదట నేర్పే బి ఫ్లాట్ మేజర్ స్కేలు మన శంకరాభరణం ఆరోహణ అవరోహణలే. షడ్జమం బి ఫ్లాట్, అంటే ఆరున్నర శ్రుతి. ఫోన్‌లో తంబురా యాప్‌ని ఆరున్నరకు పెట్టి, ముందు స్వరం పాడమనండి, తర్వాత అదే స్వరం ఊదమనండి. తన గొంతుకి ఎత్తు సరిపోకపోతే పైస్థాయిలో పాడినా పర్వాలేదు. రోజూ పది నిమిషాలు ఇలా చేస్తే రెండు నెలల్లో శ్రుతి ఎలా కుదురుతుందో మీకే వినిపిస్తుంది. ఒక్క జాగ్రత్త కావాలి. గమకాలు అలవాటైన పిల్లలు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి స్లైడ్‌తో జారిపోతారు, వాళ్లకి అది సహజంగా వస్తుంది. బ్యాండ్‌లో ప్రతి స్వరాన్నీ నాలుకతో "ద" అని విడిగా మొదలుపెట్టాలి, స్లైడ్ ఆ లోపే చేరిపోవాలి. టీచర్ దీన్ని సరిచేస్తే బాబు నొచ్చుకోకుండా ముందే చెప్పి ఉంచండి. తను నేర్చుకున్నది తప్పని కాదు, ఇక్కడి పద్ధతి వేరు. ఇంట్లో కీర్తన వాయించుకునేటప్పుడు ఎంత జారినా అడ్డు చెప్పకండి, ఆ జారుడు ఇంత హాయిగా పలికే ఇత్తడి వాయిద్యం ఇంకొకటి లేదు.

గాత్రం క్లాసు మాత్రం మాన్పించకండి. సమయం సరిపోవడం లేదని ముందు కోసేసేది దాన్నే, తెలుసు. నెలకు రెండుసార్లయినా వెళ్లనివ్వండి.

చివరగా అపార్ట్‌మెంట్. ట్రాంబోన్ చప్పుడు పెద్దదే, అందులోనూ బెల్ ఎటు తిరిగి ఉంటే అటు ఎక్కువగా వెళ్తుంది. బట్టలు వేలాడే క్లోజెట్ తలుపు తెరిచి, దానికి ఎదురుగా కూర్చుని వాయించమనండి, బట్టలు చాలా చప్పుడు పీల్చుకుంటాయి. బెల్‌లో పెడితే చప్పుడు తగ్గించే ప్రాక్టీస్ మ్యూట్‌లు దొరుకుతాయి, రాత్రిపూట హోంవర్క్ అయ్యాక వాయించడానికి అవి పనికొస్తాయి. రోజూ దాంతోనే వాయించనివ్వకండి, గాలి వెనక్కి నెట్టినట్టుంటుంది, అసలు ధ్వని ఎలా ఉందో పిల్లవాడికి వినపడదు. స్కూలు నుంచి రాగానే, పక్కవాళ్లు ఆఫీసుల్లో ఉండగా, ఇరవై నిమిషాలు మ్యూట్ లేకుండా వాయించుకోవడం అన్నిటికన్నా మంచి పద్ధతి. కింది ఇంటివాళ్లను ఒకసారి కలిసి, ఏ సమయం వాళ్లకు ఇబ్బందో ముందే అడగండి, బాబుని కూడా వెంట తీసుకెళ్లండి. మీ లీజు కాగితాల్లో క్వయట్ అవర్స్ ఎప్పటి నుంచి ఎప్పటి వరకో రాసి ఉంటుంది, ఆగస్టు లోపు అది చూసి పెట్టుకోండి.